పందొమ్మిదేళ్ల నాటి మార్కుల మెమోలతో అమెరికాలో డిగ్రీ: క్రెడిట్లు ఎలా కూడబెట్టుకోవాలి, ఎలా కలుపుకోవాలి

నా దగ్గర ఉన్నవల్లా బి.టెక్ మూడో ఏడాదిలో ఆగిపోయిన మార్కుల మెమోలు. ఎలక్ట్రికల్ బ్రాంచి. 1999లో చేరాను, 2002లో మానేశాను. సప్లీలు, ఇంట్లో అప్పులు, ఇంకా ఏవేవో. ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. నన్ను అమెరికాకి రప్పించుకోవడానికి అక్క 2004లో వేసిన పిటిషన్ 2019లో కదిలింది. భార్యా పిల్లలతో టెక్సస్‌లో దిగాను. డాలస్ దగ్గర ఒక వేర్‌హౌస్‌లో, లారీల నుంచి సరుకు దించుకునే డాక్ మీద పని దొరికింది. రెండేళ్లకి షిఫ్ట్ లీడ్‌ని అయ్యాను. ఆ పై మెట్టు సూపర్‌వైజర్. దానికి డిగ్రీ అడుగుతారు.

"ఈ వయసులో మళ్లీ మొదట్నుంచీ నాలుగేళ్లు చదువుతావేరా?" అంది అక్క.

నాలుగేళ్లే పట్టింది, నిజమే. కానీ మొదట్నుంచీ చదవలేదు. ఉద్యోగం మానలేదు. 120 క్రెడిట్ల డిగ్రీలో 44 చిల్లర పాత మెమోల నుంచే వచ్చాయి. ఇంకో 12 క్రెడిట్లు పరీక్షలు రాసి తెచ్చుకున్నాను. మిగతావి రాత్రిపూట ఆన్‌లైన్‌లో. ఈ దారిలో నేను కట్టిన దండగ ఫీజులు మీరు కట్టకుండా ఉండాలని రాస్తున్నాను.

క్రెడిట్ అంటే ఏంటి, ఎవరు ఇస్తారు

ఇక్కడ బ్యాచిలర్స్ డిగ్రీ అంటే సాధారణంగా 120 సెమిస్టర్ క్రెడిట్లు. అసోసియేట్ డిగ్రీ 60. మామూలు కోర్సు ఒకటి మూడు క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే పదిహేను వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి రెండు గంటల ఇంటి చదువు అని లెక్క. అంటే మూడు క్రెడిట్ల కోర్సుకి వారానికి తొమ్మిది గంటలు. ఆన్‌లైన్‌లో ఎనిమిది వారాల టర్ములు ఎక్కువ. చదువు అంతే, వారాలు సగం కాబట్టి అదే కోర్సు వారానికి దాదాపు పద్దెనిమిది గంటలు తింటుంది. ఉద్యోగం చేస్తూ ఎనిమిది వారాల్లో రెండు కోర్సులు తీసుకుంటే ఏమవుతుందో నా భార్యని అడగండి. ఆ రెండు నెలలు ఇంట్లో నేనున్నానో లేనో తనకే అనుమానం.

కొన్ని కాలేజీలు సెమిస్టర్ బదులు క్వార్టర్ లెక్కలో నడుస్తాయి. క్వార్టర్ క్రెడిట్లని మూడింట రెండు వంతులు చేస్తే సెమిస్టర్ క్రెడిట్లు. 45 క్వార్టర్ క్రెడిట్లుంటే చేతికొచ్చేది 30.

ఇప్పుడు అసలు సంగతి. క్రెడిట్ ఇచ్చేది మీరు చదివిన చోటు కాదు, మీరు చేరబోయే కాలేజీ. పాత కాలేజీ, పరీక్ష పెట్టే సంస్థ, సర్టిఫికెట్ ఇచ్చే వెబ్‌సైట్, వీళ్లంతా "ఇది ఇన్ని క్రెడిట్లకి సమానం" అని చెప్పగలరంతే. తీసుకోవాలా వద్దా, తీసుకుంటే దేని కింద వేసుకోవాలి అన్నది చేరే కాలేజీ ఇష్టం.

నా పని భాషలో చెప్తాను. డాక్ మీదికి పాలెట్ వస్తుంది. సరుకు బాగానే ఉంటుంది, కాగితాలూ బాగానే ఉంటాయి. సంతకం పెట్టి దించుకుంటాం. కానీ ఆ సరుకుకి లోపల ర్యాకులో చోటు కేటాయించి లేకపోతే అది డాక్ మీదే పడి ఉంటుంది. మా గిడ్డంగిలో ఉన్నట్టే లెక్క, అమ్మకానికి మాత్రం పనికిరాదు. క్రెడిట్లూ అంతే. "మీ క్రెడిట్లన్నీ తీసుకున్నాం" అని కాలేజీ అనడం వేరు, అవి మీ డిగ్రీలో ఒక గడి నింపడం వేరు. నాకు ఇది తెలిసేసరికి ఒక వేసవి గడిచిపోయింది.

71లో 21

పాత మెమోల ఎవాల్యుయేషన్, అంటే అవి ఇక్కడి ఎన్ని క్రెడిట్లకి సమానమో చెప్పే రిపోర్టు, చేతికొచ్చినప్పుడు మొత్తం 71 క్రెడిట్లు అని ఉంది. డాక్ మీద అందరికీ స్వీట్లు పంచినంత పని చేశాను. ఒక స్టేట్ యూనివర్సిటీలో ఆన్‌లైన్ బి.బి.ఎ.కి అప్లై చేశాను. "71 ట్రాన్స్‌ఫర్ అయ్యాయి" అని మెయిల్ వచ్చింది. అందులో డిగ్రీ ఆడిట్ (ఏ క్రెడిట్ డిగ్రీలో ఏ గడి నింపిందో, ఏ గడి ఖాళీగా ఉందో చూపే పట్టిక) లింకు ఉంటే మూడు రోజుల దాకా తెరవనే లేదు. తెరిచి చూస్తే బి.బి.ఎ.కి పనికొచ్చేవి 21. మిగతా 50 కింద ఎక్కడో "డిగ్రీకి వర్తించని ఎలెక్టివ్‌లు" అనే వరుసలో పేర్చి ఉన్నాయి. ఎలక్ట్రికల్ మెషీన్స్, నెట్‌వర్క్ థియరీ, ఇంజనీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్. బిజినెస్ డిగ్రీలో వీటికి ర్యాకు ఎక్కడుంటుంది?

అడ్వైజర్ చాలా ఓపికగల మనిషి. ఫోన్లో నేను గొణుగుతుంటే ఒక మాట చెప్పింది: మీ క్రెడిట్లు మారవు, డిగ్రీని మార్చి చూడండి. టెక్సస్‌లో చాలా స్టేట్ యూనివర్సిటీల్లో బ్యాచిలర్ ఆఫ్ అప్లైడ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ అని ఒకటి ఉంటుంది. నాలాగా మధ్యలో ఆపేసిన పెద్దవాళ్ల కోసమే పెట్టినట్టుంటుంది. అందులో టెక్నికల్ చదువు మొత్తాన్ని ఒక గంపలో వేసుకోవడానికి చోటుంది. అదే యూనివర్సిటీ, అవే మెమోలు, డిగ్రీ పేరు మార్చి ఆడిట్ తీయిస్తే 21 కాస్తా 41.50 అయింది.

అందుకే వరుస ఇది. ముందు ఎక్కడ, ఏ డిగ్రీ అన్నది తేల్చుకోండి. రెండు మూడు కాలేజీల్లో, ఒక్కో కాలేజీలో రెండు మూడు డిగ్రీలకి ఆడిట్ అడగండి. చాలా చోట్ల అప్లికేషన్ ఫీజు కడితే గానీ అధికారికంగా చేయరు. అనధికారికంగా ఒక అంచనా మాత్రం అడిగితే ఇస్తారు. ఆడిట్ చేతికొచ్చాక అందులో ఖాళీగా ఉన్న గడులు చూసి, వాటికి సరిపోయే క్రెడిట్లే సంపాదించండి. ముందు దొరికిన కోర్సులన్నీ చేసేసి తర్వాత కాలేజీ వెతుక్కోవడం అంటే ఇల్లు చూడకుండా కర్టెన్లు కుట్టించుకోవడం. నేను కుట్టించాను. నెలవారీ చందా కట్టి ఒక వెబ్‌సైట్‌లో మూడు కోర్సులు పూర్తి చేశాక అడిగితే, మా యూనివర్సిటీ వాటిలో ఒక్కటీ తీసుకోనంది. ఆ వెబ్‌సైట్ తప్పేం లేదు. వాళ్లు చెప్పింది చెప్పినట్టే ఉంది. అడగనిది నేనే.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే చూసుకోవాలి. ఎన్ని తెచ్చుకున్నా కొన్ని క్రెడిట్లు ఆ కాలేజీలోనే చదివి తీరాలి. దీన్ని రెసిడెన్సీ అంటారు, హాస్టల్‌కీ దీనికీ సంబంధం లేదు. మా వైపు కాలేజీలకి గుర్తింపు ఇచ్చే సదరన్ అసోసియేషన్ కమిషన్ నియమం ప్రకారం డిగ్రీలో కనీసం పావు వంతు, అంటే 120లో 30, పట్టా ఇచ్చే చోటే చదవాలి. దానికి తోడు అప్పర్ లెవల్, అంటే మూడు నాలుగు సంవత్సరాల స్థాయి కోర్సులు ఇన్ని ఉండాలని ఒక లెక్కుంటుంది. కమ్యూనిటీ కాలేజీ కోర్సులు, చాలా పరీక్షలు కింది స్థాయివే. 90 క్రెడిట్లు చవగ్గా కూడబెట్టుకుని వెళ్లినా అప్పర్ లెవల్ గంప ఖాళీగానే ఉంటుంది.

గుర్తింపు గురించి ఒక్క మాట. కాలేజీ పేరు అమెరికా విద్యా శాఖ డేటాబేస్‌లో, కౌన్సిల్ ఫర్ హయ్యర్ ఎడ్యుకేషన్ అక్రిడిటేషన్ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఐదు నిమిషాల పని. "మీ జీవితానుభవానికి పట్టా ఇస్తాం, ఫీజు ఇంత" అనే ప్రకటన కనిపిస్తే పేజీ మూసేయండి.

ఇండియా మెమోల పని

చదువు పూర్తి కాకపోతే ఎవాల్యుయేషన్ చేయరని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. పాసైన పేపర్లకి చేస్తారు. నాసెస్ అనే సంఘంలో సభ్యులైన ఏజెన్సీలు ఉన్నాయి. డబ్ల్యూ.ఇ.ఎస్., ఇ.సి.ఇ. లాంటివి. మీ కాలేజీ ఏ ఏజెన్సీ రిపోర్టు తీసుకుంటుందో ముందే అడగండి. అడిగేటప్పుడు "కోర్స్ బై కోర్స్" రిపోర్టే తీసుకోండి. మొత్తం డిగ్రీ దేనికి సమానమో మాత్రమే చెప్పే చవక రిపోర్టు క్రెడిట్లకి పనికిరాదు.

కష్టమంతా ట్రాన్స్‌క్రిప్టు తెప్పించుకోవడంలో ఉంది. మన దగ్గరున్న మెమోలు స్కాన్ చేసి పంపితే సరిపోదు, యూనివర్సిటీ వాళ్లే సీలు వేసిన కవర్లో గానీ నేరుగా ఎలక్ట్రానిక్‌గా గానీ పంపాలి. నా తరఫున మా బావమరిది ఎగ్జామినేషన్ బ్రాంచికి నాలుగుసార్లు తిరిగాడు. మొదటిసారి కౌంటర్లో "డిగ్రీ పాసవ్వని వాళ్లకి ట్రాన్స్‌క్రిప్టు ఏంటి?" అన్నారట. రెండోసారి కాలేజీ నుంచి బోనఫైడ్ తెమ్మన్నారు. కాలేజీ పేరు మారిపోయింది, యాజమాన్యం మారిపోయింది. మూడోసారికి నేను ఇక్కణ్నుంచి ఒక లెటర్ రాసి, హాల్ టికెట్ నంబరు, ప్రతి మెమో జిరాక్సు, ఏజెన్సీ ఇచ్చిన ఫారం జత చేసి పంపాను. నాలుగోసారికి పనైంది. ఐదు నెలలు పట్టింది. కాబట్టి ఇది అన్నిటికంటే ముందు మొదలెట్టండి. మిగతావన్నీ ఆ కవరు ప్రయాణంలో ఉండగా చేసుకోవచ్చు.

మన పేర్లతో వచ్చే తంటా వేరే. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, చుక్క. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా. గ్రీన్ కార్డులో ఇంకో రకంగా. ఏజెన్సీకి ముగ్గురు మనుషుల్లా కనబడ్డాను. పాస్‌పోర్టు కాపీ, ఈ ముగ్గురూ నేనే అని ఒక లెటర్ పంపితే వాళ్లు ఒప్పుకున్నారు. అక్కడితో నేర్చుకోవాల్సింది, నేర్చుకోలేదు. తర్వాత పరీక్షకి రిజిస్టర్ చేసుకునేటప్పుడు మెమోలో ఉన్నట్టు చుక్క పెట్టి రాశాను. టెస్టింగ్ సెంటర్ కౌంటర్లో ఆవిడ నా లైసెన్సు చూసింది, స్క్రీన్ చూసింది, మళ్లీ లైసెన్సు చూసింది. లోపలికి పంపలేదు. ఆ రోజు పెట్టిన సెలవు, సెంటర్ ఫీజు రెండూ పోయాయి. రిజిస్ట్రేషన్‌లో పేరు మీరు చూపించబోయే ఐడీలో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి.

సిలబస్ దాచుకోండి

ఎవాల్యుయేషన్ రిపోర్టుతో పని అయిపోయిందనుకోకండి. రెండో సెమిస్టర్‌లో నేను పాసైన "సి ప్రోగ్రామింగ్"ని యూనివర్సిటీ ఏ గడిలోనూ వేయకుండా వదిలేసింది. పేరు చూసి అదేం కోర్సో వాళ్లకి అర్థం కాలేదు. దీనికి అప్పీలు ఉంటుంది. రిజిస్ట్రార్ ఆఫీసులోనో, డిపార్టుమెంటులోనో ఒక ఫారం ఇస్తారు. ఫారం కంటే ముఖ్యం సిలబస్. 1999 నాటి సిలబస్ పుస్తకం నా దగ్గర లేదు. నాతో చదివిన ఒకడు లెక్చరర్ అయ్యాడు, వాడి బీరువాలో దొరికింది. ఆ పేజీ ఫోటో తీసి పంపాడు. లూపులు, అర్రేలు, పాయింటర్లు, ఫైళ్లు, యూనిట్ల వారీగా, కింద టెక్స్ట్‌బుక్కు పేరుతో సహా ఉంది. పక్కనే టెక్సస్‌లో ప్రోగ్రామింగ్ ఫండమెంటల్స్ కోర్సు వివరం పెట్టి, ఏ యూనిట్ దేనికి సమానమో ఒక పేజీలో గీతలు గీసి చూపించాను. మూడు వారాల్లో జవాబొచ్చింది. మూడు క్రెడిట్లు. 41.50 కాస్తా 44.50 అయింది.

ఇప్పుడు మీరు ఎక్కడ ఏ కోర్సు చేస్తున్నా సిలబస్ పీడీఎఫ్ ఆ రోజే దించుకుని పెట్టుకోండి. కోర్సు అయ్యాక లాగిన్ మూసేస్తారు.

పరీక్ష రాసి తెచ్చుకునే క్రెడిట్లు

కాలేజ్ బోర్డ్ అనే సంస్థ పెట్టే క్లెప్ పరీక్షలు నాకు బాగా కలిసొచ్చాయి. ముప్పై పైచిలుకు సబ్జెక్టులున్నాయి. ఫీజు వంద డాలర్ల లోపు, సెంటర్ వాళ్ల ఫీజు విడిగా. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ సైట్‌లో ఉచితంగా కోర్సు చదివి, అందులో ప్రాక్టీసు ప్రశ్నలు పూర్తి చేస్తే క్లెప్ ఫీజుకి వోచర్ ఇస్తుంది. నేను నాలుగు పరీక్షలూ అలాగే రాశాను. స్కోరు 20 నుంచి 80 వరకు ఉంటుంది. చాలా కాలేజీలకి 50 చాలు. గ్రేడు ఉండదు, జీపీఏలో (గ్రేడుల సగటులో) పడదు. 50 వచ్చినా 78 వచ్చినా అవే మూడు క్రెడిట్లు. ఈ మాట నా కూతురికి చెప్పకండి. తప్పితే మూడు నెలలు ఆగి మళ్లీ రాయొచ్చు.

నేను రాసినవి: అమెరికా చరిత్ర ఒకటి, రెండు, అమెరికన్ గవర్నమెంట్, సైకాలజీ. చరిత్ర మొదటి పేపర్ 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. తెల్లవారుజామున షిఫ్టుకి ముందు కారులో కూర్చుని వీడియోలు వినేవాణ్ని. ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లు స్కూల్లో చదివి మర్చిపోయింది మనం కొత్తగా చదువుతాం కాబట్టి మనకే తేలిక అని నా అభిప్రాయం. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి కూడా ఆ చదువే పనికొస్తుంది. ఇంగ్లిష్ కాంపోజిషన్ మాత్రం పరీక్షతో తెచ్చుకోలేదు. రాయడం నేర్చుకోవాల్సిన అవసరం నాకుంది, అది క్లాసులోనే నేర్చుకోవాలనుకున్నాను. మంచి పని చేశాను, తర్వాతి కోర్సులన్నీ పేపర్లు రాయడమే.

క్లెప్‌లో రెండు మెలికలు. ఒకటి, కాలేజీ కాలేజీకీ పట్టిక వేరు. ఏ పరీక్షకి ఏ కోర్సు ఇస్తారో ఆ కాలేజీ సైట్‌లో పట్టిక ఉంటుంది, డబ్బు కట్టకముందే చూడండి. ఏదైనా కోర్సులో ఇప్పటికే చేరి ఉంటే అదే సబ్జెక్టు క్లెప్‌ని చాలా చోట్ల తీసుకోరు. రెండోది టెక్సస్ వాళ్లకి. ఇక్కడ చట్టం ప్రకారం గవర్నమెంట్ సబ్జెక్టు ఆరు క్రెడిట్లు చదవాలి, అందులో టెక్సస్ రాజ్యాంగం ఉండాలి. క్లెప్ అమెరికన్ గవర్నమెంట్‌తో వచ్చేది 2305 నంబరు కోర్సు ఒక్కటే. టెక్సస్ భాగం ఉన్న 2306 విడిగా చదవాల్సిందే.

ఇక సోఫియా, స్టడీ డాట్ కామ్, స్ట్రెయిటర్‌లైన్ లాంటి సైట్లు, గూగుల్ కెరీర్ సర్టిఫికెట్లు. వీటిలో చాలావాటికి అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు ఉంటుంది. సిఫారసు అంటే సిఫారసే, మన ఊళ్లో ఎమ్మెల్యే లెటర్ లాంటిది. పని జరిగే చోట జరుగుతుంది. న్యూజెర్సీలో థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ, న్యూయార్క్‌లో ఎక్సెల్సియర్, కనెటికట్‌లో చార్టర్ ఓక్ స్టేట్ కాలేజీ, ఈ మూడూ 1970ల మొదట్లో పెద్దవాళ్ల కోసమే పుట్టినవి. బయటి క్రెడిట్లు తీసుకోవడంలో వాటి చేయి పెద్దది. వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ కూడా బాగానే తీసుకుంటుంది. అక్కడ ఆరు నెలలకి ఒకే ఫీజు, ఎన్ని కోర్సులు పూర్తి చేస్తే అన్ని. రోజూ నాలుగైదు గంటలు కూర్చోగలిగితే లాభం. నేను కూర్చోలేను, అందుకే అటు పోలేదు.

కమ్యూనిటీ కాలేజీ

మిగిలిన కింది స్థాయి కోర్సులకి కమ్యూనిటీ కాలేజీని మించింది లేదు. మా కౌంటీ కాలేజీలో లోకల్ వాళ్లకి యూనివర్సిటీ ఫీజులో పావు వంతు కూడా కాలేదు. మొత్తం ఆన్‌లైన్‌లోనే చేశాను. క్యాంపస్‌కి వెళ్లింది ఒక్కసారి, పరీక్ష రాయడానికి. అదీ పేరు చుక్క వల్ల తిరిగొచ్చిన రోజు.

టెక్సస్‌లో ఒక సుఖం ఉంది, కోర్సు నంబర్లు రాష్ట్రమంతటా ఒకటే. ఇంగ్లిష్ 1301 అంటే ఏ కమ్యూనిటీ కాలేజీలోనైనా అదే. మొదటి అంకె ఏ ఏడాది స్థాయో చెప్తుంది, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెప్తుంది. మ్యాథ్ 2413 అంటే రెండో ఏడాది స్థాయి, నాలుగు క్రెడిట్లు. ఇది తెలిస్తే క్యాటలాగ్ చదవడం బస్సు నంబర్లు చదివినంత తేలిక. ఇక్కడ అందరికీ కామన్‌గా ఉండే కోర్ 42 క్రెడిట్లు. ఒక పబ్లిక్ కాలేజీలో అది మొత్తం పూర్తి చేస్తే, ఇంకో పబ్లిక్ కాలేజీ దాన్ని మొత్తంగానే తీసుకోవాలి, విడదీసి పేచీ పెట్టకూడదు. ఫ్లోరిడాలోనూ నంబర్లు కామన్. కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే సైట్‌లో ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి పనికొస్తుందో వెతుక్కోవచ్చు.

నా కోర్‌లో మ్యాథ్స్ మూడు, సైన్స్ ఆరు పాత మెమోల నుంచి వచ్చాయి. పన్నెండు క్లెప్. మిగతా 21 కమ్యూనిటీ కాలేజీలో: ఇంగ్లిష్ రెండు, గవర్నమెంట్ 2306, స్పీచ్, ఆర్ట్ అప్రిసియేషన్, ఫిలాసఫీ, చదవడం ఎలాగో నేర్పే ఒక కోర్సు. స్పీచ్ కోర్సు ఆన్‌లైన్‌లో ఎలా అంటారా? ఇంట్లో ఐదుగురు పెద్దవాళ్లని కూర్చోబెట్టి, వాళ్లు కనిపించేలా వీడియో తీయాలి. అక్క, బావ, పక్కింటి దంపతులు, నా భార్య. ఫోర్క్‌లిఫ్ట్ భద్రత గురించి ఆరు నిమిషాలు మాట్లాడాను. బావ నిద్రపోయాడు, అదీ వీడియోలో ఉంది.

కోర్సు వదిలేయాల్సి వస్తే సెన్సస్ డేట్ లోపు వదిలేయండి. మామూలు సెమిస్టర్‌లో అది పన్నెండో క్లాసు రోజు. ఆ లోపు వదిలితే ట్రాన్స్‌క్రిప్టులో జాడ ఉండదు. తర్వాతైతే మధ్యలో వదిలేశారన్న గుర్తుగా 'డబ్ల్యూ' పడుతుంది. టెక్సస్ పబ్లిక్ కాలేజీలన్నిటిలో కలిపి ఆరు కోర్సులకి మించి అలా వదలనివ్వరు. ట్రాన్స్‌ఫర్ అవ్వాలంటే సాధారణంగా 'సి' అయినా రావాలి. జీపీఏ మాత్రం వెంట రాదు, కొత్త చోట సున్నా నుంచి మొదలు. పాత మార్కులు తలుచుకుని టెన్షన్ పడేవాళ్లకి ఇది పెద్ద ఊరట.

డబ్బు, వీసా

గ్రీన్ కార్డు ఉంటే ఫాఫ్సా, అంటే ఫెడరల్ ప్రభుత్వ సాయం కోసం పెట్టే అప్లికేషన్, నింపండి. వయసుతో సంబంధం లేదు. పెల్ గ్రాంటు తిరిగి కట్టక్కర్లేని డబ్బు. 2024-25కి గరిష్ఠం 7,395 డాలర్లు, ఆదాయాన్ని బట్టి, ఎన్ని క్రెడిట్లు తీసుకుంటే అంత నిష్పత్తిలో వస్తుంది. ఒకేసారి రెండు కాలేజీల నుంచి తీసుకోకూడదు. క్లెప్ ఫీజుకి అది రాదు. డిగ్రీకి కావాల్సిన క్రెడిట్లకి ఒకటిన్నర రెట్లు దాటితే ఎయిడ్ ఆగిపోతుంది, ట్రాన్స్‌ఫర్ అయి వచ్చినవీ ఆ లెక్కలో కలుస్తాయి. హెచ్4 (హెచ్1 వాళ్ల భార్యాభర్తలు, పిల్లల వీసా) మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, వీసా మార్చుకోనక్కర్లేదు. ఫెడరల్ ఎయిడ్ మాత్రం రాదు. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్లకి ఈ ఆన్‌లైన్ దారి కాదు, ఫుల్ టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సే వస్తుంది.

చివరి ఆడిట్

యూనివర్సిటీలో 42 క్రెడిట్లు పూర్తి చేశాను. నా నోటుబుక్కులో లెక్క ఇలా ఉంది: పాతవి 45, కోర్‌లో కొత్తవి 33, ఇక్కడివి 42, మొత్తం 120. పట్టా దానంతట అదే రాదు, గడువులోపు అప్లై చేయాలి, దానికీ ఒక ఫీజు. కట్టాను. పది రోజులకి మెయిల్ వచ్చింది: మీకు 119.50 ఉన్నాయి, ఇంకా అర క్రెడిట్ కావాలి.

ఆడిట్ మళ్లీ తెరిచి చూశాను. పాతవి 44.50 అనే ఉంది మొదట్నుంచీ. విదేశీ కోర్సుల్ని మారుస్తున్నప్పుడు రెండున్నర, మూడుంపావు అని చిల్లర వస్తుంది. అది నేను నోటుబుక్కులో 45 చేసి రాసుకున్నాను, నాలుగేళ్లూ అలాగే కూడుతూ వచ్చాను. మీ రిపోర్టులో చుక్క తర్వాత అంకెలు ఉంటే వాటిని అలాగే రాసుకోండి, పక్కన ఎర్ర పెన్నుతో గీత గీయండి.

అర క్రెడిట్ కోర్సు ఎక్కడా అమ్మరు. కమ్యూనిటీ కాలేజీలో ఒక క్రెడిట్ కోర్సులు వెతికితే ఎనిమిది వారాల్లో ఆన్‌లైన్‌లో అయ్యేది ఒకటే కనిపించింది: ఆరోగ్యం కోసం నడక. డాక్ మీద రోజుకి ఏడెనిమిది మైళ్లు నడిచేవాణ్ని ఫీజు కట్టి, వారానికి మూడుసార్లు అరగంట నడిచి, ఆ లెక్క ఫోన్లోంచి తీసి అప్‌లోడ్ చేశాను. 'ఎ' వచ్చింది. నా ఫైనల్ ఆడిట్‌లో మొత్తం 120.50 అని ఉంటుంది.